అన్నకూ తమ్ముడికీ మధ్య టెలిఫోను

సెల్విక్ ఊళ్ళో ఎవరు టెలిఫోను ఎత్తినా ముందు వినబడేది హెర్దిస్ గొంతే. "చెప్పండి" అనేది. అవతలివాళ్ళు నోరు తెరిచేలోపు సగం సంగతి తనే చెప్పేసేది. "డాక్టరుగారు ఇంట్లో లేరు. పాస్టరుగారింట్లో కాఫీ తాగుతున్నారు. అక్కడికి కలపనా?" అనేది. పాప ఏడుపు వినబడితే డాక్టరు ఎందుకో కూడా అడిగేది కాదు.

ఆ టెలిఫోను ఎక్స్ఛేంజి వేరే ఆఫీసేమీ కాదు, హెర్దిస్ ఇంటి ముందుగదే. కిటికీ పక్కన చెక్కబోర్డు, దానికి వరసగా కన్నాలు, ప్రతి కన్నం మీదా గోరంత ఇత్తడి మూత. ఎవరింట్లోనైనా టెలిఫోను పక్క పిడి తిప్పితే వాళ్ళ మూత టక్కున కింద పడేది. పోస్టాఫీసు కూడా అదే గది కాబట్టి ఉత్తరాలూ పత్రికలూ ఆమె చేతుల మీదుగానే పోయేవి. ఇరవై అయిదో ఏట ఆ కుర్చీలో కూచున్న మనిషి యాభై దగ్గర పడుతున్నా లేవలేదు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, "ఊళ్ళో ఉన్న మగాళ్ళందరి మాటలూ రోజూ వింటున్నాను కదమ్మా, ఇంకా ఇంటికి కూడా ఎందుకు?" అనేది.

ఉత్తరాన చలిసముద్రపు ద్వీపదేశంలో ఒక మూల, తొమ్మిదివందలమంది జనం. ముందు సముద్రం, వెనక కొండ. మంచు పడ్డాక కనుమ దారి ఆర్నెల్లు మూతే. ఒకరి మొహం ఒకరు చూడక తప్పని ఊరు. అయినా యుద్ధం ముగిశాక ఊరు నిలువునా రెండుగా చీలింది. పంచాయతీలో ఏడుగురైతే నలుగురు కమ్యూనిస్టులు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని "చిన్న మాస్కో" అని వెక్కిరించేవాళ్ళు. ఎర్రజెండా ఇంటి ఇల్లాలు పంచదార నిండుకున్నా సరే వర్తకుడి కొట్టు గడప తొక్కేది కాదు, సహకార సంఘం కొట్టు తెరిచేదాకా చేదు కాఫీయే తాగేది. అవతలి పక్షం ఇల్లాలు సహకార సంఘంలో చవగ్గా దొరుకుతున్నా అక్కడి గుడ్డ కొనేది కాదు. పాటలు పాడే బృందాలు కూడా రెండు. కానీ ఊరు మొత్తానికి మంద్రస్వరం పలికే మనిషి రొట్టెల బట్టీ ఆయన ఒక్కడే. మంగళవారం విప్లవగీతాలకీ, గురువారం చర్చి పాటలకీ ఆయనే గొంతిచ్చేవాడు. అడిగితే, "నా వంతుకి మాటలుండవండీ, ఊఁ ఊఁ అనడమే" అనేవాడు.

ఈ రెండు పక్షాలకీ పెద్దలెవరయ్యా అంటే, ఇద్దరూ హెర్దిస్ తోడబుట్టినవాళ్ళే. అన్న కేతిల్ కమ్యూనిస్టుల నాయకుడు, పంచాయతీ అధ్యక్షుడు, "స్వానుర్" అనే మరపడవకి సరంగు. తమ్ముడు త్రిగ్వీ స్వాతంత్ర్య పార్టీ మనిషి, చేపల ఫ్యాక్టరీకి మేనేజరు. అన్న పట్టిన చేప తమ్ముడి ఫ్యాక్టరీలోనే గడ్డకట్టాలి. పైగా ఆ పడవ తండ్రి ఇచ్చిపోయిన ఉమ్మడి ఆస్తి. ఇళ్ళు కూడా పక్కపక్కనే, ఒకే ప్రహరీలో. మధ్యలో హెర్దిస్ ఇల్లు.

వాళ్ళ నాన్న గ్రీముర్ మొదట్లో పేద జాలరి. ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టు డేనిష్ వర్తకుడిది. పిండి కావాలన్నా వల కావాలన్నా టోపీ తీసి చేత్తో పట్టుకుని బల్ల ముందు నిలబడాలి. ఒక చలికాలం గ్రీముర్ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. వర్తకుడు పత్రిక చదువుతూ వాళ్ళని గంటసేపు అలాగే నిలబెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో గ్రీముర్ ఒక్క మాటే అన్నాడు. "మీరు మాత్రం ఎవడి ముందూ ఇలా నిలబడకండి."

ఆ మాట కేతిల్ ఒకలా విన్నాడు, త్రిగ్వీ ఒకలా విన్నాడు. అసలు వర్తకుడనేవాడే ఉండకూడదని అన్న అనుకున్నాడు. మన వర్తకం మనమే చేసుకోవాలని తమ్ముడు అనుకున్నాడు. హెర్దిస్ మటుకు ఆ గంటసేపట్లో నాన్న చెవులు ఎంత ఎర్రబడ్డాయో చూసింది. అందుకే అన్న ఉపన్యాసం విన్నా, తమ్ముడి ఉపన్యాసం విన్నా ఆమెకి ఒకే గొంతు వినిపించేది. "మీరిద్దరూ నాన్న మాటే చెబుతున్నారర్రా" అని ఒకసారి అంది కూడా. ఇద్దరికీ కోపం వచ్చింది.

*

అన్నదమ్ముల మధ్య మాటలు తెగిపోయింది పంతొమ్మిదివందల నలభై తొమ్మిది మార్చి ముప్పైన. ఆ రోజు వాళ్ళమ్మ డెబ్భై అయిదో పుట్టినరోజు. హెర్దిస్ వేడివేడి పాన్‌కేకులు పోసింది, పిల్లలూ కోడళ్ళూ అందరూ చేరారు. రేడియోలో వార్త వచ్చింది. అమెరికావాళ్ళ సైనిక కూటమిలో దేశం చేరడానికి పార్లమెంటు ఒప్పుకుందట. రాజధానిలో పార్లమెంటు మీద జనం రాళ్ళు రువ్వారట, పోలీసులు కళ్ళు మండే గ్యాసు వదిలారట.

"అమ్మేశారు. మొన్ననే డేనిష్ రాజు దగ్గర్నుంచి విడిపించుకున్న దేశం. అయిదేళ్ళు కాలేదు" అన్నాడు కేతిల్.

"అమ్మడం కాదన్నయ్యా, ఇంటికి తలుపు పెట్టించుకున్నాం. సైన్యం లేని దేశం, తలుపు కూడా లేకపోతే ఎలా?" అన్నాడు త్రిగ్వీ.

"తలుపా? తాళంచెవి పరాయివాడి జేబులో ఉంటే దాన్ని తలుపనరు, జైలంటారు."

"జైళ్ళ సంగతి మీ మాస్కోవాళ్ళని అడగాలిలే. ఆ విద్యలో వాళ్ళే పెద్దలు."

కేతిల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "నేనీ మనిషితో ఇక మాట్లాడను" అన్నాడు.

"నాకు అడిగే శ్రమ తప్పింది" అన్నాడు త్రిగ్వీ.

వాళ్ళమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పాన్‌కేకులు చల్లారిపోతున్నాయి" అంది. అందరూ తిన్నారు. కానీ ఆ రోజు మొదలైన మౌనం అమ్మ పోయిన రోజున కూడా తెగలేదు. శవపేటికని చెరో పక్కా మోశారుగాని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మాట్లాడకపోతే పడవ నడవదు. అందుకని ఇద్దరూ టెలిఫోను పట్టుకున్నారు. పొద్దున్నే కేతిల్ మూత పడేది.

"హెర్దిస్, ఆ అమెరికా ఏజెంటుకి చెప్పు, రేపటికి ఇరవై బుట్టల ఎర కావాలని."

"ఏజెంటు లైన్లోనే ఉన్నాడన్నయ్యా, నువ్వే చెప్పరాదూ?"

"నేను మాట్లాడను."

అవతలి చెవిలో త్రిగ్వీ దగ్గేవాడు. "అక్కా, ఆ స్టాలిన్ మనవడికి చెప్పు, ఇరవై కాదు, పదిహేనే ఉన్నాయని."

"పదిహేనేనటన్నయ్యా."

"విన్నాను."

"విన్నాట్టరా త్రిగ్వీ."

"సరే అని చెప్పక్కా."

ఇలా ఏడేళ్ళు. ఉప్పూ నిప్పూ లాంటి ఆ ఇద్దరి మధ్య ఆమె అడకత్తెరలో పోకచెక్క అయిందని ఊరంతా జాలిపడేది. హెర్దిస్ మాత్రం జాలి చూపించినవాళ్ళనే కసురుకునేది. "వాళ్ళు తిన్నగా మాట్లాడుకుంటే నాకు వాళ్ళ సంగతులెలా తెలుస్తాయి?" అనేది.

ఆమె ఏ పక్షమో ఎవరికీ అంతుపట్టలేదు. యాభైలో పంచాయతీ ఎన్నికలప్పుడు నాలుగో సీటు కమ్యూనిస్టులకి ఒక్క ఓటు తేడాతో దక్కింది. ఆ ఒక్క ఓటూ హెర్దిస్‌దేనని ఊరు ఊరంతా తీర్మానించేసింది. మర్నాడు కేతిల్ ఒక పెద్ద చేప పట్టుకుని కృతజ్ఞత చెప్పడానికొచ్చాడు. "నీకు వేశానని ఎవరు చెప్పారు?" అంది. అతను వెళ్ళాక త్రిగ్వీ వచ్చాడు, "ఎంత పని చేశావక్కా" అని. "అన్నయ్యకి వేశానని ఎవరు చెప్పారు?" అంది. చేప మాత్రం ఉడకబెట్టుకుని తింది.

*

తరవాత ఇంగ్లీషువాళ్ళు తమ రేవుల్లో ఈ దేశపు చేప దించనిచ్చేది లేదని భీష్మించుకున్నారు. చేపలు పట్టుకునే హద్దుల గురించి తగాదా. త్రిగ్వీ ఫ్యాక్టరీలో పెట్టెలు కప్పు అంటుకునేదాకా పేరుకున్నాయి. కొనేవాడు లేడు. అంతలో కొంటామని ముందుకొచ్చింది ఎవరయ్యా అంటే సోవియట్ రష్యా.

త్రిగ్వీకి ఆ వార్త హెర్దిసే చెప్పింది, రాజధాని నుంచి ఫోనొస్తే.

"విన్నావట్రా?"

"విన్నాను. అన్నయ్యకి అప్పుడే చెప్పకు."

"నేను ఒకరి మాట ఒకరికి చెప్పే మనిషినా?"

నిజమే, ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసిపోయింది. కేతిల్ వారం రోజులు ఈల వేసుకుంటూ తిరిగాడు.

యాభై అయిదు శరదృతువులో చేప తీసుకుపోవడానికి రష్యా ఓడ వచ్చింది. సరుకు చూసి ఒప్పుకోవడానికి ఆర్సెనీ ల్వోవిచ్ అనే తనిఖీ అధికారి దిగాడు. పొట్టి మనిషి, పొడుగు కోటు. ఆయనతో రావాల్సిన దుబాసీ సముద్రం పడక దారిలోనే ఒక రేవులో ఆస్పత్రి పాలయ్యాడు. ఊళ్ళో రష్యన్ వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు. నాలుగేళ్ళుగా పోస్టులో పాఠాలు తెప్పించుకుని నేర్చుకున్నవాడు. ఆ కవర్లు అందించింది హెర్దిసే.

త్రిగ్వీ చెమటలు కక్కుకుంటూ ఎక్స్ఛేంజికి వచ్చాడు. "అక్కా, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి."

హెర్దిస్ కేతిల్ ఇంటి కన్నంలో ప్లగ్గు పెట్టింది.

"వాడి సరుకు వాణ్ణే అమ్ముకోమను" అన్నాడు కేతిల్, విషయం వినగానే.

"సరుకు వాడిదేమిటన్నయ్యా? పట్టింది నువ్వు. కోసి శుభ్రం చేసింది మీ సంఘం ఆడవాళ్ళు. తినేది మీ రష్యా కూలివాడు. మధ్యలో వాడెవడు? వాడసలు గదిలో లేడనుకో."

"ఏ కోటు వేసుకోను?" అన్నాడు కేతిల్.

పది నిమిషాల్లో పెళ్ళినాటి సూటు తొడుక్కుని వచ్చాడు. హెర్దిస్ బోర్డు వదిలి కదలడానికి వీల్లేదు కాబట్టి వ్యవహారమంతా ఆ ముందుగదిలోనే. బల్ల మీద మూడు చేపల పెట్టెలు విప్పి పెట్టారు. ఒక పక్క కేతిల్, ఒక పక్క త్రిగ్వీ, మధ్యలో కుర్చీలో ఆర్సెనీ. చెవికి రిసీవరు తగిలించుకుని హెర్దిస్.

కేతిల్ లేచి నిలబడి ఏదో గంభీరంగా పలికాడు. ప్రపంచ కార్మికవర్గ అగ్రదళానికి విప్లవాభివందనాలని దానర్థమట. ఆర్సెనీ కూడా మర్యాదకి లేచి, కూచుని, చేపని గోటితో గీరి ఏదో అడిగాడు. కేతిల్ మొహం తెల్లబోయింది. పోస్టు పాఠాల్లో పంచవర్ష ప్రణాళికలున్నాయి, ఉక్కు ఉత్పత్తి ఉంది, చేపల సంగతి లేదు. ఆర్సెనీ కాగితం మీద మెలికలు తిరిగిన గీత ఒకటి గీసి చూపించాడు.

"హెర్దిస్, ఈయన పాముల గురించి అడుగుతున్నాడని ఆ మనిషికి చెప్పు" అన్నాడు కేతిల్.

"పాములేమిటక్కా, పురుగులు. చేపలో పురుగులున్నాయా అని అడుగుతున్నాడు. లేవని చెప్పమను" అన్నాడు రెండడుగుల దూరంలో ఉన్న త్రిగ్వీ.

పురుగుకి రష్యన్ మాట కేతిల్‌కి రాదు. కానీ ఇంకొకరి ఒంటి మీద పడి తినేవాణ్ణి ఏమంటారో బాగా వచ్చు, ప్రతి కరపత్రంలోనూ ఉండే మాటే. ఒక నిమిషం ఆలోచించి ఏదో అన్నాడు. ఆర్సెనీ ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. ఓడ దిగాక ఆయన నవ్వడం అదే మొదలు.

"ఏమన్నావన్నయ్యా?"

"ఈ చేపల్లో పరాన్నభుక్కులెవరూ లేరు, మా ఊళ్ళో వాళ్ళంతా ఫ్యాక్టరీ ఆఫీసులో ఉంటారన్నాను."

"పురుగుల్లేవన్నాట్టరా" అంది హెర్దిస్ తమ్ముడి వైపు తిరిగి.

"నాకు వినబడింది" అన్నాడు త్రిగ్వీ. పెదవి కొరుక్కున్నాడు గాని నవ్వు ఆగలేదు. బల్ల కిందకి వంగి బూటు తాడు కట్టుకున్నట్టు నటించాడు.

అలా సాగింది బేరం. రష్యన్ మాట కేతిల్ దగ్గరకి, అక్కణ్ణుంచి హెర్దిస్‌కి, ఆమె నుంచి త్రిగ్వీకి. జవాబు మళ్ళీ అదే దారిలో వెనక్కి. నడుమ మూతలు పడుతుంటే, "ఒక్క క్షణం, ఇప్పుడు రష్యాతో మాట్లాడుతున్నాను" అని లైన్లు కలిపేది. ఈ ఇద్దరు మగవాళ్ళూ ప్రతి మాటా ఆమె అనుమతితోనే మాట్లాడటం చూసి ఆర్సెనీ ఆమెనే యజమానురాలనుకున్నాడు. చివరికి కాగితాలు సంతకానికి ఆమె ముందే పెట్టాడు. ఆమె వాటిని త్రిగ్వీ వైపు తోసింది.

కాఫీ తాగుతూ ఆర్సెనీ బోర్డు వైపు చూపించి ఏదో అడిగాడు.

"ఫోన్లు ఎవరు వింటారని అడుగుతున్నాడు" అన్నాడు కేతిల్, కొంచెం ఇబ్బందిగా.

"నేను వింటానని చెప్పు."

"ఒక్కరేనా అంటున్నాడు."

హెర్దిస్ జవాబు చెప్పబోయి, చెవి రిసీవరు సర్దుకుని, నవ్వింది. లోయలోకి పోయే లైను ప్లగ్గు తీయడం మరిచిపోయింది. ఆ లైను మీద ఎనిమిదిమంది రైతుల ఇళ్ళు, అన్నింటికీ ఒకటే తీగె. ఇంతసేపూ అందరూ వింటూనే ఉన్నారు. ఇప్పుడొక ఇల్లాలు మాట్లాడుతోంది.

"పై లోయలో హాల్లా అడుగుతోంది, ఆ రష్యా ఆయన కోటు పల్చగా ఉందటగా, తన దగ్గర ఉన్ని స్వెట్టరు ఒకటుంది, కావాలా అని. ఎనిమిదిళ్ళవాళ్ళూ వింటున్నారని చెప్పన్నయ్యా."

కేతిల్ చెప్పాడు. ఆర్సెనీ మొహంలో నెత్తురు చుక్క లేదు. తలుపు వైపు చూశాడు. మెల్లగా ఇంకో ప్రశ్న వేశాడు.

"విని ఏం చేస్తారు, ఎవరికి రాసి పంపుతారు అంటున్నాడు."

"రాయడమెందుకు? పొద్దున పాలు పితికేటప్పుడు చెప్పుకుంటారు. వాళ్ళు విన్నారని మనకీ తెలుసు, మనకి తెలుసని వాళ్ళకీ తెలుసు."

ఆ మాట రష్యన్‌లోకి వెళ్ళేసరికి కొంత ఆలస్యమైంది. ఆర్సెనీ ముందు నమ్మలేదు. తరవాత నవ్వు మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళొచ్చి, చేతిరుమాలుతో తుడుచుకునేదాకా నవ్వుతూనే ఉన్నాడు. స్వెట్టరు కావాలన్నాడు. ఇంకొకటుంటే తన భార్యకి కూడా అన్నాడు.

గుమ్మం దగ్గర అన్నదమ్ములిద్దరినీ చూసి కేతిల్‌ని ఏదో అడిగాడు. కేతిల్ ముక్తసరిగా జవాబిచ్చాడు. ఆర్సెనీ అతని భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడు?" అంది హెర్దిస్.

"చేప బాగుందన్నాడు."

"చేప బాగుందని చెప్పడానికి భుజం మీద చెయ్యెందుకు?"

త్రిగ్వీ బయటికి వెళ్ళేదాకా ఆగి కేతిల్ చెప్పాడు. "వీడు నా తమ్ముడని పోల్చాడు. ఎందుకు మాట్లాడుకోరని అడిగాడు. రాజకీయాలన్నాను. తనకీ ఓ తమ్ముడున్నాడట. అతనితో మాట్లాడాలని ఉందట, కానీ వీల్లేని చోట ఉన్నాడట. వీలుండీ మాట్లాడనివాళ్ళని ఇప్పుడే చూస్తున్నానన్నాడు."

"మరి నువ్వేమంటావు?"

"ప్రయాణంలో అలిసిపోయాడు పాపం" అన్నాడు కేతిల్, టోపీ పెట్టుకుంటూ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వైపు చూడలేదు.

*

మరుసటి ఏడు నవంబరు నాలుగు, ఆదివారం. మధ్యాహ్నం రేడియోలో బుడాపెస్టు వీధుల్లోకి రష్యా ట్యాంకులు దిగాయని చెప్పారు. వార్తలు అయిపోగానే హెర్దిస్ బోర్డు మీద మూతలు వడగళ్ళు పడ్డట్టు పడ్డాయి. అందరూ అందరికీ చేస్తున్నారు. ఒక్క కేతిల్ మూత కదల్లేదు.

త్రిగ్వీ పక్షం కుర్రకారులో ఒకడు ఇంకొకడితో అంటున్నాడు. నల్లగుడ్డ సంపాదించాం, పదిమందిమీ వెళ్ళి కేతిల్ గేటుకి కట్టి, ఆ ముసలాడు బయటికొచ్చేదాకా జాతీయగీతం పాడదాం, త్రిగ్వీగారిని ముందు పెట్టుకుందాం అని. తరవాత వాడే త్రిగ్వీకి చేశాడు. త్రిగ్వీ, "చూద్దాం" అని పెట్టేశాడు.

లైను మీద విన్న మాట ఇంకొకరికి చేరవేయకూడదన్నది ఆమె పాతికేళ్ళ నియమం. అది తప్పితే ఆ కుర్చీలో కూచునే అర్హత ఉండదనుకునేది. కేతిల్‌కి చెప్పలేదు. తిన్నగా తమ్ముడింటి గంట మోగించింది.

"త్రిగ్వీ, నేను నీకు చెప్పేదేమీ లేదురా. నువ్వు నాకేమైనా చెప్పాలా?"

"అన్నయ్యకి కలుపక్కా" అన్నాడు.

కలిపింది. ఆమె చెయ్యి ప్లగ్గు మీదే ఉండిపోయింది.

"అన్నయ్యా, అన్నం తిన్నావా?"

కేతిల్ గొంతొచ్చింది. "లేదు."

"నేనొస్తున్నాను."

హెర్దిస్ చెవి నుంచి రిసీవరు తీసి బల్ల మీద పెట్టింది. ఊళ్ళో మూతలు పడుతూనే ఉన్నాయి. అయిదు నిమిషాలపాటు సెల్విక్‌లో ఎవరికీ ఫోను కలవలేదు. పాతికేళ్ళలో అలా జరగడం అదొక్కసారే. కిటికీలోంచి చూస్తే త్రిగ్వీ చెప్పుల్లోనే, కోటు లేకుండా, ఆమె ఇంటి ముందు నుంచి వాకిట్లో మంచు తొక్కుకుంటూ వెళుతున్నాడు.

నల్లగుడ్డ పట్టుకుని పదిమందీ వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ మెట్ల మీద నిలబడి ఉన్నారు. త్రిగ్వీ చేతిలో కాఫీ కప్పు. ముందున్న కుర్రాడు ఆగిపోయాడు.

"త్రిగ్వీగారూ, మీరిక్కడ..."

"ఈ గేటు మా నాన్నది. సగం నాది. నా సగానికి గుడ్డ కట్టాలంటే నన్నడగాలి కదా?" అన్నాడు త్రిగ్వీ.

అప్పుడు కేతిల్ మెట్లు దిగాడు. రాత్రంతా నిద్రలేని మనిషిలా ఉన్నాడు. గేటు దాకా వచ్చి చెయ్యి చాపాడు.

"ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

"ఎందుకు?" అన్నాడు కుర్రాడు బెదురుగా.

"అక్కడ చచ్చిపోతున్నది కూలివాళ్ళు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. నా జీవితమంతా ఎవరి కోసం మాట్లాడానో వాళ్ళే. నేనే కడతాను."

కట్టాడు. ముడి పడకపోతే రెండో కొస త్రిగ్వీ పట్టుకున్నాడు. కుర్రాళ్ళు టోపీలు తీశారు. పాట ఎవరూ ఎత్తలేదు. చివరికి కేతిల్, "చలిలో నిలబడ్డారేం, లోపలికి రండి, కాఫీ ఉంది" అన్నాడు. పదిమందీ బూట్లు విప్పి లోపలికి వెళ్ళారు. సాయంత్రందాకా ఆ ఇంట్లోంచి వాదనలు వినబడుతూనే ఉన్నాయి.

*

కేతిల్ పార్టీ వదల్లేదు. "ఇల్లు కాలిందని ఇళ్ళే కట్టుకోవద్దంటామా?" అనేవాడు. గోడ మీది మీసాల స్టాలిన్ పటం మాత్రం తీసేశాడు. అక్కడ గోడ రంగు వేరేగా కనిపిస్తుంటే వాళ్ళావిడ పడవ బొమ్మ ఒకటి తగిలించింది. యాభై ఎనిమిది ఎన్నికల్లో కమ్యూనిస్టులకి మూడే సీట్లొచ్చాయి. అధ్యక్షుడి కుర్చీ పోయింది. కొత్త పంచాయతీ రేవుకి గోడ కట్టించాలనుకుని లెక్క తెలిసినవాడు కావాల్సొస్తే, త్రిగ్వీయే వెళ్ళి అన్నని పిలుచుకొచ్చాడు. "నువ్వు సరిగ్గా కడితే పేరు మాకొస్తుంది" అన్నాడు. "పేరు మీకు, గోడ నాకు" అన్నాడు కేతిల్.

ఏడేళ్ళ బాకీ తీర్చుకోవాలన్నట్టు ఇద్దరూ ఇప్పుడు టెలిఫోనులో తిన్నగా పోట్లాడుకునేవాళ్ళు. పొద్దున ఎర గురించి మొదలైతే క్యూబా దాకా పోయేది. లైను గంటసేపు వదిలేవాళ్ళు కాదు. హెర్దిస్ మధ్యలో దూరి, "మాటల్లేనప్పుడే నయం, పావుగంటలో తేలిపోయేది. పెట్టండిక, డాక్టరుగారికి లైను కావాలి" అని విసుక్కునేది.

"నువ్వు వింటున్నావా?" అనేవాడు కేతిల్.

"వినక చస్తానా, ఇద్దరూ అరుస్తుంటే."

చేపకి బదులు రష్యా నుంచి జీపులు కూడా వస్తుండేవి. త్రిగ్వీ వంతుకి ఒకటి వచ్చింది. మొదట సిగ్గుపడి ఫ్యాక్టరీ వెనక దాచాడు. మంచులో దానికి సాటి వచ్చే బండి ఊళ్ళో లేదని తేలాక ముందుకి తెచ్చాడు. అరవై మే నెలలో కనుమ దారి తెరుచుకున్న రోజున హెర్దిస్ తన జీవితంలో మొదటిసారి పూర్తిగా మూడు రోజులు సెలవు పెట్టింది. బోర్డు దగ్గర పాస్టరుగారి భార్యని కూచోబెట్టి, అన్నతో, తమ్ముడితో కలిసి కొండ అవతలి ఊరు చూడటానికి బయల్దేరింది. త్రిగ్వీ నడుపుతున్నాడు, కేతిల్ పక్కన. ఆమె వెనక సీట్లో ఎండుచేపలూ వెన్నా ఉన్న బుట్ట పట్టుకుని.

కనుమ మీద చక్రాలు మంచులో దిగబడ్డాయి. కేతిల్ దిగి వెనక నుంచి తోశాడు. "చూశావా, మీ ప్రజాస్వామ్యాన్ని మా రష్యా బండి మోస్తోంది" అన్నాడు రొప్పుతూ.

"మోయట్లేదన్నయ్యా, దిగబడింది. మోస్తున్నది నువ్వు" అన్నాడు త్రిగ్వీ కిటికీలోంచి తల బయటపెట్టి.

బండి ఒక్క కుదుపుతో బయటపడి, కేతిల్ మంచులో బోర్లా పడ్డాడు. హెర్దిస్ దిగి అతని కోటు దులిపింది. అక్కడే బుట్ట విప్పి ముగ్గురూ తిన్నారు. కింద సెల్విక్ పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. ఎవరింట్లో ఇప్పుడు ఎవరు ఎవరికి ఫోను చేస్తుంటారో హెర్దిస్ చెప్పుకొచ్చింది. అన్నదమ్ములిద్దరూ నోళ్ళు మూసుకుని విన్నారు.